ఊకొట్టు దీపం

మా జూట్ మిల్లులో మగ్గాల మోత ఎంతటిదంటే, కప్పు మీదుగా ఎగిరిన కాకి అవతలికి చేరేసరికి తాను అరిచిందో లేదో తనకే తెలియక పక్క కాకిని అడిగేది. నమ్మకపోతే మీ ఇష్టం. సాక్ష్యానికి పిలుద్దామంటే ఆ కాకులిప్పుడు లేవు. మేమున్నాం. మిల్లు మూతపడ్డాక కూడా క్వార్టర్లలోనే ఉండిపోయిన ముసలివాళ్ళం, మనిషికి సగం చెవుడు.

ఆ మోతలో ఎదుటివాడి మాట వినపడే ప్రశ్నే లేదు. అలాగని మాట్లాడడం మానుకుంటామా? ఒకడు పెదవులు ఆడించేవాడు. అవి ఆగగానే రెండోవాడు "ఊ" అనేవాడు. అది మా మర్యాద. మిల్లు పోయినా మర్యాద పోలేదు. సాయంత్రాలు పాత క్యాంటీన్‌లో చేరేవాళ్ళం. నేను కథ చెప్పేవాణ్ణి, మిగిలినవాళ్ళు ఊకొట్టేవాళ్ళు. గోగునార బిగించి కట్టిన బేలులో కొండచిలువ నిద్రపోతూంటే చూసుకోక దాన్నీ నారతోపాటు వడికేశామనీ, ఆ దారంతో నేసిన గోనెసంచిలో ఏ వర్తకుడు బియ్యం పోసినా తెల్లారేసరికి మింగేసేదనీ, చివరకు కుట్లు విప్పితే లోపల్నుంచి ఎలుకొకటి బయటికొచ్చి "ఇంతసేపా" అని విసుక్కుందనీ చెప్పేవాణ్ణి. అడ్డుపడినవాడు లేడు.

అలాంటి మా మధ్యకు విశాఖపట్నం నుంచి డాక్టర్ మృదుల వచ్చింది. మందులిచ్చే డాక్టరు కాదు. ముసలివాళ్ళు పలకరింపు లేక ఎలా కుంగిపోతారో, కుంగిపోకుండా ఏం చెయ్యాలో కనిపెట్టే పరిశోధన డాక్టరు. చిన్నపిల్లే, కళ్ళ కింద మాత్రం మా వయసుంది. మిల్లు పాత టైమాఫీసులో యంత్రాలు దించుకుని, క్యాంటీన్‌కు వచ్చి మా అందరి మణికట్లకూ తలో పట్టీ కట్టింది. పట్టీ మీద కందిగింజంత దీపం.

"ఇదేటమ్మా, దిష్టికా?" అన్నాడు లోకనాథం. నాతోపాటు మగ్గం ఖాతాలో, అదే నేత విభాగంలో, పనిచేసినవాడు, పేకాటలో నా శత్రువు.

మృదుల వాడి చెవి దగ్గరికి వంగి, "మీ చుట్ట పంచె మీద పడింది తాతగారూ," అంది, మంచినీళ్ళు కావాలా అన్నంత మామూలుగా.

దీపం ఆకుపచ్చగా వెలిగింది. ఆ తరవాతే లోకనాథం బెంచీ మీంచి లేచి గంతేశాడు. చుట్ట వాడి వేళ్ళ మధ్యే ఉంది.

"చూశారా?" అందామె. "మాట లోపలికి దిగితే మణికట్టు దగ్గర నరం ఒక్క క్షణం తుళ్ళుతుంది, నోరు కదలకముందే. ఊరికే ఊ అంటే నోరు కదులుతుందిగాని నరం కదలదు. దీపం వెలగదు. ఎవరి మాట ఎవరికి చేరుతోందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఎవరికీ చేరని మనిషి ఉంటే ఆ మనిషి దగ్గరికి మేం తోడును పంపిస్తాం."

మంచి ఆలోచనే. మమ్మల్ని ఎరగకపోవడమొక్కటే అందులో లోపం.

నన్ను కథ చెప్పమంది. కొండచిలువను బేలులో పడుకోబెట్టాను. అందరూ ఊ అన్నారు. వడికాను, ఊ. నేశాను, ఊ. ఒక్క దీపమైనా వెలగలేదు. ఎలుక బయటికొచ్చే చోట మాత్రం దీపాలన్నీ గుప్పున వెలిగాయి. నా ఛాతీ ఉబ్బింది. వెనక్కి తిరిగి చూస్తే వాకిట్లో ఎవరో "టీ" అని గట్టిగా కేకేస్తున్నారు.

పట్టీలు పాడైపోయాయనుకుని మృదుల అన్నీ విప్పి పట్టుకుపోయింది. బాగుచేసి తెచ్చి మళ్ళీ కట్టింది. మళ్ళీ అదే వరస. ఆ రోజు కథ మధ్యలో లోకనాథానికి పెద్ద ఆవలింత వచ్చింది. తీరిగ్గా ఆవలించి నోరు మూశాడు. మూయగానే చుట్టూ ఉన్నవాళ్ళంతా "ఊ" అన్నారు.

మృదుల కలం కిందపెట్టింది. "మీరిప్పుడు ఆవలింతకు ఊ అన్నారా?"

"నోరు ఆగింది కదమ్మా," అన్నాన్నేను. "అనకపోతే ఆడు బాధపడడేటి?"

ఆమె నవ్వుతుందనుకున్నాను. నుదురు రుద్దుకుని మళ్ళీ కలం తీసుకుంది. తన సంస్థకు రాసి అందరికీ చెవుల యంత్రాలు తెప్పించింది.

నాకూ ఇచ్చింది. అది పెట్టుకుని ఇంటికి నడుస్తుంటే నా చెప్పుల చప్పుడు నాకే కొత్తగా వినపడింది. వెళ్ళి పైడమ్మకు చెప్పాను. పైడమ్మ నా భార్య. ఇంతకు ముందరైతే, "అబద్దాలు అన్నంలో కలుపుకుని తింతావేటి మావా," అనేది. ఇప్పుడు అనలేదు. కిందటేడు వానల్లో పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ మాటా రెండూ పోయాయి. మాటల్లో ఒక్క ఊ మాత్రం మిగిలింది. నీళ్ళు కావాలా అంటే ఊ. వద్దా అన్నా ఊ. పక్క దులపనా అంటే ఊ, మిల్లు మళ్ళీ తెరిచారంటే ఊ. నేను పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఆమె మంచం పక్కనే ముక్కాలిపీట వేసుకుని చెబుతూనే ఉంటాను. ఊరి సంగతులయిపోతే కథలు, కథలయిపోతే కథలకు పిల్లలు. ఆమె ఊకొడుతూ ఉంటుంది. ఇద్దరం అలా నడుపుకొస్తున్నాం.

ఆమె చేతికి మాత్రం పట్టీ కట్టనివ్వలేదు. ఎందుకని మృదుల అడిగితే, "దాని చెయ్యి సన్నం, జారిపోద్ది," అన్నాను.

అసలు కారణం మా అమ్మాయి హైమ. విశాఖపట్నంలో బ్యాంకులో పనిచేస్తుంది. నెలకు రెండుమూడుసార్లు వచ్చి, తల్లికి తలంటి, నాకు పచ్చడి చేసిపెట్టి, చివరి బస్సుకు పోతుంది. అక్కడ ఇలాంటివాళ్ళను చూసే ఇల్లొకటి ఉందట. నర్సులు, చెయ్యి ఆడించే యంత్రాలు, అన్నీ ఉన్నాయట. ఆడవాళ్ళకు మాత్రమే. మగవాళ్ళు ఆదివారం సాయంత్రం వచ్చి చూసి పోవచ్చునట.

"అమ్మకు నువ్వు చెప్పేది తెలుస్తూంటే సరే నాన్నా," అంది కిందటిసారి. "తెలియకపోతే ఇక్కడుంచి ఏం లాభం? నీ నడుమూ పోయింది. ఎత్తలేక ఒకరోజు ఇద్దరూ కిందపడతారు."

"దానికన్నీ తెలుస్తన్నాయి," అన్నాను.

"కొండచిలువ సంచీ కూడా నిజమే అన్నావు నాన్నా నాతో. పదోక్లాసు దాకా నమ్మాను."

అదీ నా పరువు. కాబట్టి పైడమ్మ మణికట్టు జోలికి ఎవర్నీ రానివ్వలేదు.

ఇక క్యాంటీన్‌లో చెవులొచ్చాక ఏమైందో చెబుతాను. మొదట్లో సంబరంగానే ఉంది. దీపాలు అక్కడొకటి ఇక్కడొకటి వెలగసాగాయి. కాని వెలిగిన దీపం కంటే వెలగని దీపం బాగా కనిపిస్తుందని మృదుల కూడా అనుకుని ఉండదు. మాట్లాడేవాడు ఎదుటివాడి మొహం చూడడం మానేసి చేతికేసి చూడడం మొదలుపెట్టాడు. సగం మాటలో దీపం ఆరితే అక్కడే ఆపేసి, "అయితే నీకక్కర్లేదన్నమాట," అని లేచిపోయేవాడు. నా కథలకు వెలగనందుకు నేనేమీ అనుకోలేదు, నూరుసార్లు విన్నవే కదా అని సర్దుకున్నాను. అందరూ నాలా సిగ్గులేనివాళ్ళు కారు.

లోకనాథం భార్య రాజులమ్మ మాటకారి. సందె వేళ వాకిట్లో కూర్చుని కూరలు తరుగుతూ మొగుడికి లోకమంతా చెప్పేది. వాడు ఊకొట్టేవాడు. చెవుల యంత్రాలొచ్చిన కొత్తలో ఒక సాయంత్రం, తన పుట్టింటి గొడవేదో మొదట్నుంచి చివరిదాకా చెప్పి, తలెత్తి మొగుడి చెయ్యి చూసింది. దీపం నల్లగా ఉంది. కత్తిపీట మడిచేసింది. అంతే. ఆ తరవాత వాడితో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, నీళ్ళు పెట్టేది, మాట పెట్టేది కాదు.

లోకనాథం నా దగ్గరికొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. "ఇనడం సేతకాదని ముందే సెప్పుంటే పెళ్ళి మానేసుండేది కదురా నాయుడూ."

"నేర్చుకో ఇప్పుడు."

"ఏ వయసులో?"

అయినా ప్రయత్నించాడు పాపం. క్యాంటీన్‌కు వచ్చి, ఎవడు మాట్లాడితే వాడికేసి కళ్ళార్పకుండా చూస్తూ, మెడనరాలు బిగించి వినేవాడు. దీపం వెలిగేది. గంట తిరిగేసరికి చెమట పట్టి బెంచీమీద ఒరిగేవాడు. "బేలు మొయ్యడం నయంరా. బేలు దించితే దిగిపోద్ది. ఈ మాటలు దిగవు," అన్నాడు. వాడొక్కడే కాదు, అందరికీ అదే అలసట. నిజంగా వినడం అంత కూలిపని అని మాలో ఎవరికీ తెలియదు. ఒకరి మోకాలినొప్పి ఇంకొకరు విన్నాక రెండు మోకాళ్ళూ నొప్పి పెట్టేవి. మెల్లగా రావడం తగ్గించారు. వచ్చినవాళ్ళూ మాట్లాడితే ఎవరికి బరువోనని నోరు మెదపలేదు. క్యాంటీన్‌లో నాకు మొదటిసారి ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడింది.

ఒకరోజు టీ పట్టుకుని టైమాఫీసుకు వెళ్ళాను. మృదుల ఫోనులో మాట్లాడుతోంది. "ఊ అమ్మా... ఊ... తిన్నాను... ఊ," అంటూ ఎదుటి తెర మీద గీతలు చూసుకుంటోంది. ఆమె చేతికీ పట్టీ ఉంది. దీపం లేదు. నన్ను చూసి చొక్కా చెయ్యి కిందికి లాక్కుంది.

నేను టీ పెట్టి, ఏమీ చూడనట్టు గోడకేసి తిరిగాను. మిల్లు రోజుల్లో రెండో షిఫ్టుకు ఆలస్యమైతే ఇదే గోడకు చేరగిలబడి తిట్లు తినేవాణ్ణి.

ఫోను పెట్టేశాక ఆమె అంది: "మీ అందరి ఒంటరితనం తగ్గిందేమో అని లెక్కచూశాం తాతగారూ. పెరిగింది."

"మరి విప్పీయమ్మా ఈ పట్టీలు."

"విప్పేస్తే మళ్ళీ వింటున్నారనుకుంటారా?"

నేను చల్లారుతున్న టీని ఆమె ముందుకు జరిపాను.

ఆ ఆదివారం పొద్దున్నే హైమ దిగింది. దారిలో రాజులమ్మ పట్టీల సంగతంతా చెప్పినట్టుంది. చెప్పులు విప్పకుండానే, "నాన్నా, అమ్మకు కట్టించావా?" అంది.

"దాని చెయ్యి సన్నం."

"రంధ్రం ఇంకోటి పొడిపిద్దాం."

నేను పెరట్లోకి పోయి బాల్చీ కడిగాను. కడిగిన బాల్చీనే మళ్ళీ కడిగాను. తిరిగి వచ్చేసరికి మృదుల మంచం పక్కన నిలబడి ఉంది. హైమ వెళ్ళి పిలుచుకొచ్చింది.

"ఇది పరీక్ష కాదు తాతగారూ," అంది మృదుల. "ఇంత చిన్న దీపాన్ని పట్టుకుని ఒక మనిషిలో ఏముందో ఏం లేదో తేల్చకూడదు. హైమగారికీ అదే చెప్పాను."

"నాకు తెలుసండీ," అంది హైమ. "కానీ నేను ఏదో ఒకటి పట్టుకుని నిర్ణయించాలి కదా. అమ్మ వింటోందంటే ఇక్కడే ఉంచుతాను, ఏదో తిప్పలు పడదాం. లేదంటే సోమవారం బండి తెస్తాను. ఇంక నన్ను ఊగిసలాడించకు నాన్నా. నేను అలసిపోయాను."

పైడమ్మ ఎడమ చేతికి పట్టీ కట్టారు. బాల్చీ కడిగిన తడి నా చేతులకు ఇంకా ఆరలేదు. ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాను.

"పైడీ," అన్నాను. "హైమొచ్చింది."

"ఊ."

దీపం లేదు.

"నిన్ను పట్నం తీసికెళ్తాదంట."

"ఊ."

లేదు.

కొత్త కథ ఎత్తుకున్నాను. మిల్లు పొగగొట్టంలో ఎలుగుబంటి కాపురం పెట్టి, పొగ రాని రోజు మేనేజరు దగ్గరికి వచ్చి చలేస్తోందని తగువాడిందన్నాను. ఊ. లేదు. దాని పిల్ల మిల్లు కూతకు ఏడుపు మానేదన్నాను. ఊ. లేదు. హైమ వంగి, "అమ్మా, నేనమ్మా," అంది. ఊ అంది పైడమ్మ. దీపం నల్లగా ఉంది. హైమ కిటికీ వైపు తిరిగిపోయింది.

నేను ఆగలేదు. ఆగితే సోమవారం వచ్చేస్తుంది. ఎలుగుబంటి పిల్లకు పెళ్ళి చేశాను, సారె పెట్టాను, తల్లిని యూనియన్‌లో చేర్పించాను. నోరు పిడచకట్టింది. చెవి యంత్రంలో నా గొంతు నాకే గరగరమని వినపడుతోంది. ఎలుగుబంటి చేత సమ్మె కూడా చేయించబోతూంటే పైడమ్మ "ఊ" అంది.

నేను మాట ముగించలేదు. మధ్యలోనే అంది. నేనాగాను. ఆమె మొహంకేసి చూశాను. నిజం చెప్పాలంటే చాలాకాలానికి చూశాను. రెప్పలు వాలిపోతున్నాయి. బలవంతాన లేపి నిలబెడుతోంది, రాత్రి షిఫ్టులో మగ్గం ముందు నిలబడ్డ పిల్లలా. ఆ ఊ నాకు చేరింది.

"ఊ," అన్నాను నేను.

"తాతగారూ," అంది మృదుల.

ఆమె చూస్తున్నది పైడమ్మ చేతిని కాదు, నా చేతిని. నా పట్టీ మీద దీపం ఆకుపచ్చగా వెలుగుతోంది. అన్నాళ్ళూ నేనే చెబుతూ వచ్చినవాణ్ణి, నా దీపం పని చేస్తుందని నాకే తెలియదు.

మృదుల నా మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "వాన చప్పుడుకు వెలగదు. మగ్గం చప్పుడుకు వెలగదు. అర్థం లేని కూతలు ఎన్నో వినిపించి చూశాం, దేనికీ వెలగలేదు. వినడానికి ఏదో ఒక మాట ఉంటేనే..." అని ఆగి, మళ్ళీ తనే, "లేకపోతే మీ ఆశ కావచ్చు. అది కూడా కాదనలేను," అంది.

హైమ కిటికీ దగ్గర్నుంచి వచ్చింది. "అమ్మ ఏమంది?"

ఇద్దరూ నాకేసి చూస్తున్నారు. చెప్పడానికి నా దగ్గర ఎన్ని లేవు? నిన్నొదిలి పోను మావా అంటోందని చెప్పొచ్చు. మన హైమ పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, అన్నం పెట్టు అంటోందని చెప్పొచ్చు. హైమ కళ్ళనీళ్ళతో కూలబడేది. ఒక్క చిటికెలో అల్లేవాణ్ణి, నా జీవితమంతా చేసిన పని అదే.

"ఊరుకోమంది," అన్నాను.

"ఏంటి?"

"ఊరుకో మావా, అంది. ఇనలేకపోతన్నాను, కాసేపు నోరు మూసుకో, అంది."

హైమ నోటికి అడ్డంగా పెట్టుకున్న చెయ్యి మెల్లగా కదలడం మొదలుపెట్టింది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. నవ్వుతూనే మంచం పట్టె మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

"ఇది అమ్మ మాటేనండీ," అంది మృదులతో. "మా నాన్న కల్పిస్తే తన నోరు తనే మూయించుకునేది కల్పించడు. ఆయన వల్ల కాదది."

"నేను దీన్ని ఫలితమని రాయలేను," అంది మృదుల.

"రాయకండి."

మృదుల వంగి పైడమ్మ చేతి పట్టీ విప్పింది. విప్పాక ఆ చెయ్యి వెంటనే వదల్లేదు. "పొద్దుట్నుంచి రాత్రిదాకా చెబుతారా ఈవిడకు?" అని అడిగింది నన్ను.

"నిద్దరోయేదాకా."

"లోకనాథంగారు గంటకే పడిపోతున్నారు, ఆరోగ్యం బాగున్నవాళ్ళు. ఈవిడ ఏడాదిగా వింటున్నారు, నరం తుళ్ళే ఓపిక కూడా మిగల్లేదేమో. ఊ అనకపోతే మీరు బాధపడతారని."

అది నాకు చెప్పక్కర్లేదు. దీపం వెలిగినప్పుడే దిగింది.

హైమ ఆ ఇంటివాళ్ళకు ఫోన్ చేసి, సోమవారం బండి వద్దంది. శాశ్వతంగా అని అనలేదు. ఈ నెల చూద్దామంది. పగలు ఒక మనిషిని పెట్టి, ఎత్తే పని ఆమెకు అప్పగించమంది. నా నడుముకు కూడా ఏదో రాసుకోమంది. నేను అన్నిటికీ తలాడించాను. నోరు విప్పకుండా అంతసేపు ఉండగలనని నేనెప్పుడూ అనుకోలేదు. నాలుక కింద మాటలు చీమల్లా పాకుతున్నాయి.

మృదుల వెళ్ళిపోయింది. వీధిలో ఆగి ఫోను చెవికి పెట్టుకోవడం కిటికీలోంచి కనిపించింది. నడవకుండా, గోడ పక్కన, రెండు చేతులా ఫోను పట్టుకుని నిలబడింది. ఏం మాట్లాడిందో వినపడలేదు, మాట్లాడినట్టు లేదు కూడా.

హైమ వంటింట్లోకి వెళ్ళింది. పైడమ్మ పడుకుంది. ఏడాదిలో అంత నిద్ర నేను చూడలేదు. పీటమీదే కూర్చున్నాను. బయట ఎవరో బట్టలుతుకుతున్నారు. ఎండ మంచం కోడు దాటి గోడెక్కింది. కథ చెప్పబుద్ధయిన ప్రతిసారీ గుక్కెడు నీళ్ళు తాగాను. చెంబు ఖాళీ అయింది.

సాయంత్రానికి ఆమె కళ్ళు తెరిచింది. కప్పుకేసి చూసింది. తరవాత మొహం నా వైపు తిప్పింది. ఎవరూ ఏమీ అడక్కుండా, ఎవరూ ఏమీ చెప్పకుండా, "ఊ," అంది.

నేను పీట దగ్గరికి జరుపుకున్నాను.

"సెప్పు," అన్నాను. "ఇంటన్నాను."